రిమార్కుల గడి

తాడిపత్రి దాటినాక గుత్తి రోడ్డు మీద కాటా.
బండెక్కించల్ల, ఇంజనాపల్ల,
నలభై రూపాయలు కిటికీలోకి చాపల్ల,
చీటీ చేతికొస్తూనే కదలల్ల.
పద్దెనిమిదేండ్లుగా ఆ కిటికీకీ నాకూ
ఇంతకు మించి మాటల్లేవు.

చీటీలో ఏముంటాది?
బండి నంబరు. సరుకు: బండలు.
నిండు బరువు, ఖాళీ బరువు,
తీసేస్తే మిగిలిన బరువు.
అడుగున రిమార్కులని ఒక గడి.
అందులో ఎప్పుడూ ఒకటే మాట: నిల్.
నా మీద ఎవురో చెప్పిన తీర్పు మాదిరి,
పొద్దున నిల్, మాపున నిల్.

పోయిన వానల్లో కొత్తగా మస్తానమ్మ వచ్చి కూర్చుంది.
మనిషి కనపడదు. కిటికీలోంచి చెయ్యొకటే,
రెండు పచ్చ గాజులు, వేలికి రిబ్బన్ మసి.
ఆ పొద్దు చీటీ మడిచి జేబులో పెట్టబోతాంటే
క్లీనరు కుళ్లాయి లాక్కోని చదివినాడు,
ఇంగ్లీషు అక్షరాల తెలుగు, కూడబలుక్కుంటా:
"మూడో కల్వర్టు కాడ గుంత."

ఉండాది గుంత.
బండి మునిగేంత కాదు గానీ, బండ పగిలేంత.

ఆ గడిలో ఇరవై నాలుగక్షరాలే పడతాయంట,
ఇరవై అయిదోదాన్ని మిషను మింగేస్తుందంట.
అంత ఇరుకులో ఆమె సంసారం చేసింది.
"ఎడమ ఎనక టైరు చూడు."
"నీళ్లు తాగినావా."
"పెన్నలో నీళ్లొచ్చినాయి."
ఆ పొద్దు బ్రిడ్జి మీద నేనొక్కణ్ణే కాదు,
ముందు నాలుగు లారీలు నిదానమైనాయి.
టీ అంగడి కాడ డ్రైవర్లు పేకముక్కల మాదిరి
చీటీలు పరిచి పోల్చుకుంటాండ్రి.
ఎదురుగా ముప్పై రూపాయల కాటా ఖాళీగా ఉండె.

ఒక పొద్దు కుళ్లాయి రాలేదు, జ్వరం.
నేనెవురికీ చెప్పలే.
ఖాళీ బండి కాటా ఎక్కించినా, చీటీ తీసుకున్నా.
ఎప్పటి బరువుకు యాభై కేజీలు తక్కువ.
గడిలో రెండే మాటలు:
"పిల్లోడు యాడ?"

స్టీరింగు మీద చీటీ పెట్టుకోని
ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.
వాని అమ్మ తప్ప వాణ్ణి తూకమేసి
తక్కువైనాడని అడిగినోళ్లు ఎవురు?

ఓనరు సంజీవప్పకు సంగతి తెలిసింది.
తిట్టలే. తిట్టింటే బాగుండు.
సంతోషపడినాడు.
అనంతపురం నుంచి కొత్త చీటీలు అచ్చేయించినాడు,
చుట్టూ పూలతీగ, అడుగున ఎర్రక్షరాలు:
"మా కాటాకు విచ్చేసినందుకు ధన్యవాదములు,
మీ ప్రయాణం ఆనందమయం కావాలి."
రాయికీ అదే, సిమెంటుకూ అదే,
సచ్చిన బర్రెను తోలుకపోయే ట్రాక్టరుకూ అదే.
రిమార్కుల గడి మూసేసినారు, ఇంక అవసరం ల్యాకపోయె.
వారం తిరక్కముందే చీటీలన్నీ
రోడ్డు పక్క తంగేడు చెట్లకు తగులుకోని ఎగరబట్టె.

పచ్చగాజుల చెయ్యి మటుకు ఉండాది.
నలభై తీసుకుంటుంది, చీటీ ఇస్తుంది.
నేనూ ఏమీ అడగలే.
అడగడానికి మాకు గడి ల్యాకపోయె.

ఇరవైమూడో రోజు కుళ్లాయి వచ్చినాడు.
గూడుకట్టిన కండ్లు, చొక్కా వేలాడతా,
మునుపటంత బరువు లేడు.
ఆ మాపు బండలేసుకోని కాటా ఎక్కినాం.
చీటీ వచ్చింది. పూలతీగ, ధన్యవాదములు, ఆనందమయం.
పారేయబోతా పైకి చూసినా,
యా ఓనరూ మూయలేని గడి కాడ:

సరుకు: బండలు, పిల్లోడు.

కుళ్లాయి దాన్ని రెండుసార్లు చదివి
నాలుగు మడతలేసి
జేబులో గాదు, టోపీలో దాచుకున్నాడు.
ఎనక బండోడు హారన్ కొడతానే ఉన్నాడు.
కొట్టనీ.