ఒంటి మీసం

మా ఊరి పేరు పెల్లీస్ ఆర్మ్.
న్యూఫౌండ్‌లాండ్ రాళ్ళ మధ్యకి
సముద్రం చాపి, వెనక్కి తీసుకోవడం మరిచిపోయిన
సన్నని చెయ్యి.
నలభై ఇళ్ళు. రెండు చర్చిలు,
ఒకదానితో ఒకటి మాట్లాడవు.

ఆ పేరు కొత్త గస్తీ ఓడకి పెడతామని
అట్టావా నుంచి ఉత్తరం వచ్చిన ఏడే
కాడ్ చేపల వేట ఆపేయండని ఇంకో ఉత్తరం వచ్చింది.
రెండూ ఒకే పోస్టు సంచిలో వచ్చాయంటుంది అమ్మ.
అమ్మ ఏం చెప్పినా కాస్త ఉప్పు వేసే చెబుతుంది.

ఓడకి చిహ్నం గీయమని బడిలో పోటీ పెట్టారు.
నాకు పదకొండేళ్ళు.
మాకు ఇంకేముంది గనక? కాడ్‌నే గీశాను.
ఒళ్ళు, ఉప్పు పీపాలో మిగిలిన దాన్ని చూసి.
తల మాత్రం జ్ఞాపకంలోంచి,
తలలు ఎప్పుడో రేవులోనే కోసి పారేస్తారు కదా.
వీపు మీద మచ్చలు, పక్కన వంకర తెల్లగీత,
గడ్డం కింద వేలాడే
ఒంటి మీసం.

నాదే గెలిచింది.
చిహ్నాల శాస్త్రం చదివిన పెద్దమనిషెవరో
చాలా మర్యాదగా దిద్ది పంపాడు.
చేప ఎడమకేసి చూడాలట.
బూడిదరంగు చెల్లదు, వెండి చెల్లుతుంది.
చుట్టూ బంగారు తాడు, నెత్తిన తెరచాపల కిరీటం,
కింద లాటిన్‌లో: లోతెరిగి నిలు.
దూరానికి ఆనదు కనక మీసం తీసేశాం, అన్నాడు.

నానమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది.
"ఎవరి చేపే ఇది?" అంది.

ఓడ ఒక్కసారే వచ్చింది.
లోతెరిగి, బయటే నిలిచింది.
మా రేవులో దాని అడుగు పట్టదు.
పేరు గొప్ప, ఊరు దిబ్బ.
మేమే పడవలేసుకుని దాని దగ్గరికి పోయాం,
మా పేరుకి మేమే చుట్టాల్లా.
గోధుమ పొలాల్లో పుట్టి
పదిహేడేళ్ళ దాకా సముద్రం చూడని కుర్రాళ్ళు
మా ఊరి పేరు టోపీల మీద మోస్తూ
కేకు ముక్కలు అందించారు.
ఒకడు అడిగాడు, ఆర్మ్ అంటే తుపాకీయా అని.
కాదు, చెయ్యి అన్నాను.
చలికి నాది చూపించలేదు, జేబులో ఉంది.

తరవాత అయిదేళ్ళకి, అక్టోబరులో, చీకటి పడ్డాక
మా అన్న అజరయా పెల్లీ
చేతి గాలంతో పదకొండు చేపలు పట్టాడు.
దీపం పడింది. దీపం వెనక బూడిదరంగు గోడ,
గోడ మీద నా చేప,
ఎడమకేసి చూస్తోంది, అన్న వైపు కాదు.

కోర్టులో గుమాస్తా మూడుసార్లు అడిగాడు.
ముద్దాయి? పెల్లీ.
నేరం జరిగిన చోటు? పెల్లీస్ ఆర్మ్.
పట్టుకున్నది? పెల్లీస్ ఆర్మ్.
"అయ్యా, ఊరే నిన్ను పట్టుకుందా?"
"అలాగే ఉంది," అన్నాడు అన్న.
నవ్వినందుకు జరిమానా పెంచలేదు, అంతవరకు మంచివాళ్ళే.
పదకొండింటినీ మాత్రం తీసుకెళ్ళిపోయారు.
వండుకున్నారో, పాతేశారో.

ఈ వసంతంలో ఓడని విరగ్గొట్టడానికి పంపారు.
చిహ్నం మాత్రం పెట్టెలో పెట్టి
మా ఊరి హాలుకి పంపించారు.
నాలుగు మేకు కన్నాలు, తుప్పు ధారలు,
కిరీటంలో ఒక తెరచాప విరిగింది.
ఇంత దగ్గర నుంచి అంత చిన్నదని
నేను ఏనాడూ అనుకోలేదు.

గోడకి ఎక్కించే ముందు రాత్రి
నేనూ అన్నా తాళం తీసుకుని వెళ్ళాం.
వాడు టార్చి పట్టుకున్నాడు.
నేను గోళ్ళకి వేసుకునే రంగు కుంచెతో,
వేలు వణక్కుండా ఊపిరి బిగబట్టి,
గడ్డం కింద ఒక్క గీత గీశాను.
కొంచెం వంకరపోయింది.

అన్న చాలాసేపు చూశాడు.
"ఇప్పుడు గుర్తుపట్టాను," అన్నాడు.
"టార్చి ఆర్పెయ్,
ఎవరైనా చూస్తే
మళ్ళీ జరిమానా."
టార్చి వాడి చేతిలోనే ఉంది.