గులాబీ ప్రతి

మొదటి పాఠంలోనే కితేరియా మేడమ్ చెప్పింది:
"కంప్యూటర్ జోలికి ఇప్పుడే పోకండి.
ఒక కాగితం పట్టుకోండి.
అది ఎక్కడ పుడుతుందో, ఎవరి చేతుల్లో నలుగుతుందో,
ఏ సొరుగులో చస్తుందో చూసి రండి."

నా వంతుకి పోర్తో పెద్దాసుపత్రి లాండ్రీ వచ్చింది.
నేల కింది అంతస్తు, నది లేని చాకిరేవు.
గంటకు మూడొందల దుప్పట్లు మింగే యంత్రాలు,
పైన ఎక్కడో వాన, ట్రాము గంట.
కాగితం పేరు మాసిన బట్టల చీటీ.
కార్బన్ పెట్టి మూడు ప్రతులు:
తెల్లది పద్దుల వాళ్లకి,
పసుపుది ఉతికే వాళ్లకి,
గులాబీది గేటు దగ్గర అదేరితోకి.

పెన్సిల్ చెక్కుకుని గీశాను.
మనిషికి గడి, పనికి సున్నా,
చేతులు మారే ప్రతి కబురుకీ ఒక బాణం.
తీగ లాగమంది మేడమ్,
డొంక ఎక్కడుందో చెప్పలేదు.

"గులాబీ ప్రతి ఎవరు చదువుతారు?"
ఆఫీసులో నవ్వారు.
ఎప్పుడో ఎవడో దుప్పట్లు ఎత్తుకుపోయాడట,
అప్పట్నుంచీ గేటు దాటాలంటే చీటీ.
దొంగ పోయాడు, చీటీ మిగిలింది.

కొత్త డిజైన్‌లో దుప్పటి అంచుకి గోరంత చిప్.
గేటు తనంతట తానే లెక్కపెట్టుకుంటుంది.
మంగళవారం ఎర్ర పెన్నుతో గులాబీ ప్రతి కొట్టేశాను.
ఏడాదికి నలభై వేల కాగితాలు ఆదా అని రాసి
కింద రెండు గీతలు కూడా గీశాను.

ఒక రాత్రి షిఫ్టు చూడాలని సిలబస్‌లో ఉంది.
లేకపోతే వెళ్లేదాన్ని కాదు.

గురువారం, పన్నెండు దాటి నలభై నిమిషాలు.
ఫెలిజ్‌బెలా బండి తోసుకొచ్చింది.
అదేరితో కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.
దుప్పట్లు చూడలేదు, గలీబులు చూడలేదు,
వేలు నేరుగా చివరి గడికి పోయింది: ఇతరములు.
అక్కడ ఒకటి.
నాలుగో అంతస్తు, గుండె విభాగం.
లేచి నడవాలో దీపాలు వేశాడు.
గోడవారగా రెండు కుర్చీలు లాక్కొచ్చి
కాసేపు ఆలోచించి ఇంకోటి తెచ్చాడు.
టాక్సీకి ఫోన్ చేశాడు:
"పావుగంటలో. వాళ్లని తొందరపెట్టకు."

ఇతరములంటే ఏంటని అడిగాను.
"విడిగా మూటకట్టే దుప్పటి" అంది ఫెలిజ్‌బెలా
నా వైపు చూడకుండా.
"మనిషి పోయినప్పటిది."

పైన అయినవాళ్లు ఇంకా సంతకాలు పెడుతుంటారు.
దుప్పటి ముందు దిగుతుంది.
తర్వాత వాళ్లు,
ఏ కోటు ఎవరిదో, ఏ తలుపు వీధిలోకో తెలీకుండా.
నిజంగానే దిగారు. ముగ్గురు.
ఒకావిడ చేతిలో మగాడి బూట్లు.

సోమవారం నా బొమ్మలో కొత్త గడి: అదేరితో.
"లోపలికి ఏం వస్తుంది?"
"ఒకటి, మేడమ్."
"బయటికి?"
"మూడు కుర్చీలు."
క్లాసు నవ్వింది. ఆవిడ నవ్వలేదు.
"ఈ అవసరం నీకెవరు చెప్పారు?"
ఎవరూ చెప్పలేదు.
అదేరితో కూడా పద్దెనిమిదేళ్లుగా
ఇదొక పని అని ఎవరికీ చెప్పలేదు.
ఇరవైకి పద్నాలుగు వేసింది.
పక్కన సన్నటి అక్షరాలతో: బాణానికి పేరు లేదు.

గేటు దగ్గర చిన్న తెర కావాలని నివేదికలో అడిగాను.
లెక్కలోకి రాదు అంది కమిటీ.
నిజమే,
ఒకటే కదా.

చిప్పుల గేటు మొదలైన రాత్రి
ఎవరూ రమ్మనకపోయినా వెళ్లాను.
పచ్చ లైటు. బళ్లు ఆగకుండా పోతున్నాయి,
అంతా నేను గీసినట్టే.
మూడో బండి మాత్రం
పచ్చ లైటు వెలుగుతుండగానే ఆగింది.
ఫెలిజ్‌బెలా ఉంగరం వేలితో
గేటు చువ్వ మీద ఒక్కసారి కొట్టి,
ఆరు వేళ్లు చూపించి, కదిలిపోయింది.

అదేరితో లేచాడు.
రెండో కుర్చీ నేను తెచ్చాను.