పేరుబిళ్ళ

లోపలికి పోయే ముందు పేరుబిళ్ళ తీసి
బోర్డుకు తగిలించాలి.
ఓబులేసు. సిలిండరు రెండు వందల తొంభై.
పోయిన టైము ఒంటిగంటా యాభై.
రోడెల్ రాసుకుంటాడు, వాడి చేతిరాత చీమలబారు.
బయటికొచ్చాక బిళ్ళ మళ్ళీ నా జేబులోకి.
బిళ్ళ బోర్డు మీదే మిగిలిపోతే
నన్ను వెతకడానికి ఇద్దరొస్తారు.
పదకొండేళ్ళుగా నా ధైర్యమంతా
ఆ ఇద్దరి మీద చేసిన అరువే.

మీనా అబ్దుల్లాలో కంపెనీ ఫైర్‌స్టేషన్ మాది.
జీతం, యూనిఫాం, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష.
పెంచలయ్య పగలంతా స్కాఫోల్డింగ్ పైపులు మోస్తాడు,
రాత్రి క్యాంపులో పసుప్పచ్చ చేతిపట్టీ కట్టుకుంటాడు,
అందుకు నెలకు ఐదు దినార్లు, ఒక టార్చిలైటు.
పట్టీ వాళ్ళకు పాఠం చెప్పింది నేనే:
"మీ పని అరవడం, తలలు లెక్కపెట్టడం.
లోపలికి పోవద్దు. పోయినోణ్ణి మేం మోయాల్సొస్తాది."
అందరూ నవ్వారు.
పెంచలయ్య రాసుకున్నాడు.

ఆగస్టు. అర్ధరాత్రి దాటినా గాలి
పొయ్యి నోట్లోంచి వస్తున్నట్టే.
మూడో బ్లాకు. ఏసీ వైరు నుంచి పరుపులకు,
పరుపుల నుంచి పైకప్పుకు.
ఇసుకలో లుంగీల మీద జనం,
ఒకడి చంకలో పాస్‌పోర్టు జిరాక్సులు,
ఒకడి చంకలో ప్రెషర్ కుక్కరు.
క్యాంపు బాసు జాబితా చదివాడు.
ముప్పై ఒకటో గది, పదకొండు మంది.
పదకొండు చేతులు లేచాయి.
ఇక లోపలున్నది సామాను.
సామాను కోసం ప్రాణం పెట్టొద్దని
మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.
పక్కగదులు వెతికొచ్చి, బిళ్ళ తీసేసుకుని,
నేను బయటినుంచే నీళ్ళు కొడుతున్నా.

"పన్నెండో వాడున్నాడన్నా."
పెంచలయ్య, నా చెవి పక్కనే.
"ఖల్లివల్లి మనిషి. రాయచోటి పక్క.
కిటికీ కాడి మంచం కింద పడుకుంటాడు. బయట చెప్పొద్దు."
నేను రోడెల్ వైపు తిరిగేలోపు
తడి దుప్పటి ఒకటి తలుపులోకి పోయింది.

బోర్డుకు తగిలించడానికి వాడికేముంది?
లోపల పడుకున్నవాడికి మాత్రం?
నా బిళ్ళ ఒక్కటే ఠంగుమంది.
సగం తాగేసిన సిలిండరు, మార్చుకోలేదు.
జోడీ కోసం ఆగలేదు.

పొగలో కళ్ళుండవు. మోకాళ్ళుంటాయి, గోడ ఉంటుంది.
మంచం కోడు. బకెట్టు. ఎవరిదో చెప్పు.
దగ్గు వినపడింది.
ఎవరిదో తెలీదు. దగ్గుకు అకామా ఉండదు.

అప్పుడు నా వీపు మీద ఈల మోగింది.
గాలి అయిపోవచ్చింది, తిరుగు, అని.
ఈల మోగాక ముందుకేసే ప్రతి అడుగూ
వడ్డీకి తెచ్చిన అప్పని
కొత్తవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో!
ఆ అప్పు నేనూ చేశాను.
ఎందుకని అడిగితే గొప్ప మాటేం లేదు.
నా వీపున గాలి, వాడి మొహాన తడిగుడ్డ.
వెనక్కి తిరగడానికి కాళ్ళకు సిగ్గేసింది.

దొరికారు.
ఒకడు ఒకణ్ణి చంకల కింద పట్టి ఈడుస్తున్నాడు,
ఇద్దరూ తలుపు లేని దిక్కుకు.

అంబులెన్సు వచ్చేసరికి పన్నెండో వాడు లేడు.
సగం తాగిన నీళ్ళ సీసా ఇసుకలో వదిలి
ఒట్టి కాళ్ళతో కంచె సందులోంచి పోయాడు.
రిపోర్టులో కాపాడినవారి గడిలో సున్నా.
కారణం లేకుండా లోపలికి పోయినందుకు
నాకు హెచ్చరిక కాగితం.
పెంచలయ్య పట్టీ ఊడదీశారు, ఐదు దినార్లూ పోయాయి.
ఇద్దరం నోరు మెదపలేదు.

శుక్రవారం వాడి గదికి పోయా, తిట్టాలనే.
కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో పప్పు కలుపుతున్నాడు.
"అన్నా, ఆ ఈల మోగినాక ఎంతసేపుంటాది?"
పది నిమిషాలు. రొప్పితే ఆరు.
ముద్ద మింగి, కాసేపాగి,
"బాగుందే," అన్నాడు, "నీకు ముందే చెప్తాది."
ఊరగాయ డబ్బా నా వైపు జరిపాడు.