పెద్ద చుక్క

పదకొండు రోజులుగా నడుస్తోంది లెక్క.
బాలానగర్ ఆఫీసులో, అద్దాల వెనక చలిగదిలో
రెండువేల ప్రాసెసర్లు గుయ్యిమంటున్నాయి.
ఇంజన్లో మాత్రం
సెకనులో వెయ్యో వంతైనా గడవలేదింకా.

తెరమీద కిరోసిన్ పొర,
పూతరేకు కన్నా పల్చన.
గాలి తాకి అంచు వణికి,
చిరిగి, దారాలై,
దారం పూసలుగా తెగే చోట
చెదిరిపోతోంది బొమ్మ.
గడికన్నా చిన్న చుక్క నా లెక్కకి ఆనదు.
"గడులు చిన్నవి చెయ్యమ్మా" అంటారు సుదర్శనం సార్,
కొత్త మెషీన్లు ఆయన సొరుగులో ఉన్నట్టు.

ఫతేనగర్ వంతెన కింద ఇస్త్రీ మల్కయ్య
నీళ్లు పుక్కిట పట్టి
నా కుర్తా మీద ఫుర్రుమని ఊదాడు.
ఎండలో ఒక్క క్షణం రంగులు.
సీసా కొనుక్కోవచ్చుగా, అన్నాను.
"పెద్ద సుక్క పడితె మరకైతది మేడం.
నీళ్లు తక్కువ, గాలి జోరుగ కొట్టాలె.
గంతే."

నా దగ్గర పెద్ద చుక్క పడితే
మసి.

గడులు సగం చేసి రాత్రి మళ్లీ మొదలుపెట్టాను.
కరెంటు పోయింది, వచ్చింది.
మెట్ల దగ్గర ఎవరూ లేరని చూసి
నోటినిండా నీళ్లు పట్టి
కిటికీలోంచి ఊదాను.

సగం చున్నీ మీదే పడ్డాయి.
అన్నీ పెద్ద చుక్కలే.