ఐదున్నర

చంపావతి గట్టున మా మిల్లు
పొద్దున్న ఐదున్నరకి కూసేది.
దాని శ్రుతీ ఐదున్నరే.
నమ్మకపోతే మానండి,
మూడు లాంతర్ల దగ్గర గవరయ్య
విప్పిన హార్మోనీ పెట్టె ముందు కూర్చుని
ఆ మెట్టు నొక్కి చూపించేవాడు.
"ఇనుకో గుంటా,
ఈ ఊరికి షడ్జం రాజులిచ్చినాది కాదు,
గోగునార ఇచ్చినాది."

మా అమ్మది సంచుల సెక్షను.
తలలో నారదుమ్ము, రెప్పల్లో నారదుమ్ము,
పప్పుచారులో కూడా.
పందొమ్మిదేళ్లు ఆ హోరులో కూర్చుని
రెండు చెవులూ మిల్లుకే ఇచ్చేసింది.
కుడిచెవిలో కాస్త మిగిలింది, కూత వినడానికి సరిపడా.
పోయినదానికి పీఎఫ్ రాలేదు.

నేను సాయంత్రం బస్సెక్కి
కోట దగ్గర సంగీతం కాలేజీకి పోయేదాన్ని.
ఒళ్లో అరువు వయొలిను,
వేళ్లకి అమ్మ చీర నుంచి అంటిన మిల్లు నూనె వాసన.
పక్కనున్న పిల్లలు ఓణీలు సర్దుకుని
జానెడు జరిగేవారు.
కమానుకి రోజనం రాస్తే రాలిన పొడి
మా గుమ్మంలో దుమ్ములాగే ఉండేది.
అందుకే నాకు బెరుకు పుట్టలేదు.

రాత్రి అన్నాలయ్యాక
అమ్మ వయొలిను పొట్టకి అరచెయ్యి ఆనించి
"ఊఁ, కానీ" అనేది.
మోహన వాయిస్తే "సెయ్యి సల్లగుంది" అనేది.
తోడి వాయిస్తే కాసేపు ఊరుకుని
"ఎవులో ఏడస్తన్నారే" అనేది.
మూడేళ్ల డిప్లొమా
నాకు అంత దగ్గరగా చెప్పలేదు.

జీతాల శనివారం గేటు బయట
ఒక మూల జముకు గుబగుబలాడేది.
ఇంకో మూల తప్పెటగుళ్లు.
స్పిన్నింగు వాళ్లే గుండెకి రేకు కట్టుకుని ఎగిరేవారు.
లెంక సూరప్పడు దరువు తప్పాడంటే
సూపర్‌వైజరు తిట్టేవాడు,
దారం తెగినప్పుడు కూడా తిట్టనంత గట్టిగా.
అప్పులవాడు సైకిలు స్టాండేసి
చివరిదాకా వినేవాడు.
వడ్డీ మాత్రం వినేది కాదు.

లాకౌటు నోటీసు అంటించిన మర్నాడు
ఐదున్నరకి ఏమీ కూయలేదు.
కోళ్లు కూశాయి గానీ
అది కూత కింద ఎవరూ లెక్కేసుకోలేదు.
వీధంతా మెలకువగా ఉంది,
ఒక్కరూ మంచం దిగలేదు.
అమ్మ లేచి కూర్చుని నన్ను తట్టింది.
"ఏటే, ఈ సెవీ పోనాదా?"

సూరప్పడు విశాఖలో వాచ్‌మన్ అన్నారు.
గవరయ్య కొట్టులో ఇప్పుడు ఫోన్ల తొడుగులు.
ఇత్తడి రీడ్లు తూకానికి వెళ్లాయి,
కిలో ఎంతకో అడగలేదు.
మిల్లు జాగాలో సున్నపు గీతలు గీసి
ప్లాట్లకి మెలొడీ ఎన్‌క్లేవ్ అని బోర్డు పెట్టారు.
నవ్వొచ్చింది, నిజంగానే.

నా దగ్గర పదకొండుమంది పిల్లలు.
అందరి ఫోన్లలోనూ తంబురా ఉంది,
అలసిపోనిది, తీగ తెగనిది.
మొన్న హన్షిత అంది,
"టీచర్, మీ స తక్కువుంది. ముల్లు ఎర్రగా చూపిస్తోంది."
చూశాను. నిజమే, వెంట్రుకవాసి తక్కువ.
బాయిలరు సరిగ్గా వేడెక్కని
చలికాలం పొద్దుల్లో
మా కూత అంతే ఉండేది.
బిరడా మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
పిల్ల ఇంకా నా మొహం చూస్తోంది.

నిన్న రాత్రి
అమ్మ నిద్రలో కుడుతోంది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేని సూది.
కుట్టు, కుట్టు. లాగు, తిప్పు, ముడి.
కుట్టు, కుట్టు. లాగు, తిప్పు, ముడి.
తక తకిట.
దాన్ని ఖండచాపు అంటారని నాకు కాలేజీ చెప్పింది.
అమ్మకి ఎవరూ చెప్పలేదు.

లైటు వెయ్యకుండా వయొలిను తీసి
ఆమె రెండో చెయ్యి దాని పొట్టకి ఆనించి
ఆ తక్కువ షడ్జంలోనే
చేతి వెంట నడిచాను.
పన్నెండో సంచి దగ్గరో
పదమూడో సంచి దగ్గరో వేళ్లు ఆగాయి.

"లెక్క రాసుకో" అంది,
కళ్లు తెరవకుండా.