పేరు వెనక ఖాళీ

కొర్మే రేవులో గుల్లలేరేవాళ్ళ సంఘానికి
లెక్కలు రాసేదాన్ని నేను.
అలకీ అలకీ మధ్య దొరికే కాసింత సందులో
రాతిని కరుచుకున్న గుల్లల్ని ఇనప ఉలితో పెకలించి
తాడు పట్టుకుని పైకొచ్చేవాళ్ళ
కిలోలు, రోజులు, రాబడి.

మొదటి వారమే డెల్మీరో గడిలో
ఎక్సెల్ అరిచింది, సున్నాతో భాగించలేనని.
నిజమే. మణికట్టు విరిగి
ఒక్క రోజూ సముద్రానికి పోలేదతను.
లేని కిలోల్ని లేని రోజులకి పంచమంటే
ఏ యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

అధ్యక్షుడు ఉబాల్దో కళ్ళజోడు పైకెత్తి
"గోడకంటించే కాగితం మీద
ఈ పురుగులేంటమ్మా" అన్నాడు.
తప్పు వస్తే ఖాళీ చూపించు.
ఒక్క ఫార్ములా. వరస చివరిదాకా లాగేశాను.
నూట పన్నెండు గడులు
ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.
మసిపూసి మారేడుకాయ చేయడం
ఇంత శుభ్రంగా ఉంటుందని అప్పటిదాకా తెలీదు.

నవంబరంతా తుఫాను.
క్రిస్మస్ ముందు కిలో ధర ఎగబాకింది.
జనవరిలో ఒక మధ్యాహ్నం షెన్షో వచ్చాడు,
తడి బూట్లు గుమ్మం బయటే విడిచి.
ఎక్కువ మాట్లాడే మనిషి కాడు.
ఉప్పుకి బిర్రబిగిసిన వేలం చీటీలు
ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు.
"నలభై ఒక్క కిలోలు.
నేనే తప్పు లెక్కేసుకున్నానేమో,
ఒకసారి చూస్తావా?"

చూశాను.
వేలం పట్టీలో అతని పేరు వెనక
ఎవరి వేలో జారి ఒక స్పేస్ పడింది.
కంటికి ఆనని ఖాళీ.
వెతికే ఫార్ములాకి మాత్రం అది వేరే మనిషి.
దొరకలేదు, దొరకలేదు అని
మూడు వారాలు మొత్తుకునే ఉంటుంది
నేను కట్టిన గుడ్డ కింద.

అడుగున మొత్తం మాత్రం చక్కగా కూడింది.
నాకు వణుకు పుట్టించింది అదే.

ఆ రాత్రి గుడ్డలన్నీ విప్పాను.
డెల్మీరో గడికి ఒక ప్రశ్న నేర్పాను,
రోజులు సున్నా అయితే "పోలేదు" అని రాయమని.
అంతే. ఇంకే తప్పునీ బుజ్జగించలేదు.

ఇప్పుడు గోడ మీది కాగితంలో
అక్కడక్కడా పురుగులుంటాయి.
ఉబాల్దో చూసి, చూడనట్టు దగ్గుతాడు.
ఎవరో ఒకరు వేలు పెట్టి అడుగుతారు, ఇదేంటని.
ఇంకా తెలీదని చెప్తాను, చీటీలు తెమ్మంటాను.
షెన్షో ఏమీ అడగడు.
తన పేరు చివర
గరుకు వేలితో ఒకసారి తడిమి
బూట్లు తొడుక్కుంటాడు.