ఈలా, తుప్పా

ఉప్పుగాలే నాకు అన్నం పెడుతుంది.
లాసన్స్ బే నుంచి రుషికొండ దాకా
సముద్రానికి మొహం పెట్టిన ప్రతి మేడా
రెండేళ్ళకోసారి పెచ్చులూడి
నాకు ఫోన్ చేస్తుంది.

మొన్న పికప్ కొన్నాను. పాతదే.
తొట్టి ఎనిమిది అడుగులు,
నిచ్చెన ఇరవై,
సరుగుడు బాదులు పద్దెనిమిది.
మా శివుడు వెనక తలుపు మీద కూర్చుని
వాటి తోకలు పట్టుకుని వస్తాడు.
ఎర్రగుడ్డ మర్చిపోయిన రోజు
చొక్కా విప్పి కడతాడు.

ఇలా కాదని
డాబా గార్డెన్స్‌లో అద్దాల షాపుకి వెళ్ళాను.
నల్లటి అల్యూమినియం క్యారియర్,
తాళంచెవితో సహా,
పెళ్ళికొడుకు తలపాగాలా ఉంది.
"ఎంత మోస్తుందండీ?"
"డెబ్బై అయిదు కేజీలు సార్."
మెచ్చుకుని, మంచినీళ్ళు తాగి, వచ్చేశాను.

ఆటోనగర్లో ఎర్రినాయుడు
బండిని చూడలేదు, నన్ను చూశాడు.
"ఏటి మోస్తావు? ఏ రోడ్డంట తిరుగుతావు?"
జానలతో కొలిచి సుద్దగీత గీశాడు.
"కప్పు మీద బరువెట్టకు. అది రేకు కాదు, అప్పడం.
కాళ్ళు తొట్టిలోంచి లెగాల.
పైనేటి పోతందో
కేబిన్‌కి తెలకూడదు."

ఎత్తు ఎంత?
దానికి జ్ఞానాపురం రైలు వంతెనని అడగాలి.
రాత్రి పదకొండింటికి
కేబిన్ మీద చీపురుకర్ర నిలబెట్టి కట్టి
నడక వేగంతో కిందికి దూరాం.
శివుడు టార్చి పట్టుకుని ముందు నడిచాడు, వెనక్కి.
పైన గూడ్సు.
కర్ర కొస టక్కుమంది.
నాలుగు వేళ్ళు తగ్గించాం.

జీఐ పైపు కావాలన్నాను, తుప్పుకి భయపడి.
"కాలిస్తే తెల్లపొగ, రేత్రికి సలిజొరం"
అన్నాడు, వాతావరణం చెప్పినట్టు.
వంద ఎక్కువ అడుగుతాడనుకున్నాను, అడగలేదు.
నేనే మాట మార్చాను. నల్లపైపే వెయ్యమన్నాను.

వెనక అంచుకి
పాతసామాన్లలో దొరికిన కన్వేయర్ రోలరు.
నిచ్చెన దాని మీద ఆనిస్తే చాలు,
చేపపిల్ల నీళ్ళలోకి జారినట్టు పోతుంది.
చప్పుడు రాకుండా లారీ ట్యూబు చుట్టాం,
తాళ్ళకి పెద్ద నట్లు అతికించాం, పక్కకి ఆరు.
"ఇంకేటి?" అన్నాడు.
ఇన్ని రోజుల్లో మొదటిసారి శివుడు నోరు తెరిచాడు:
"నాకో మెట్టు."

రంగు మాత్రం నేనే వేశాను.
రెడ్ ఆక్సైడ్ రెండు చేతులు.
దాని మీద డబ్బాల అడుగున మిగిలినవి:
నాలుగో అంతస్తు మేడమ్ వద్దన్న పసుపు,
బ్యాంకు మేనేజరు బాల్కనీ నీలం.
మెట్టుకి శివుడు తనే తెచ్చుకున్నాడు,
ఎక్కడిదో, వెండిరంగు.

తీరా
భీమిలి రోడ్డు మీద నలభై అయిదు దాటగానే
బండి ఈల వేసింది.
ఆపితే ఆగింది. కదిలితే మళ్ళీ.
నెత్తి మీద ఎవరో పోకిరీ పడుకున్నట్టు.

ఎర్రినాయుడు పైపు కింద వేలు పెట్టి చూపించాడు.
పెసరగింజంత బెజ్జం.
"నీరు పోడానికి ఎట్టేను.
మూసేయమంటే మూసేస్తాను, అరనిమిషం పని.
వాననీరు లోపల నిలిచి, ఉప్పు తోడై,
పైన నీ రంగు నిగనిగలాడతుంటాది,
లోన పైపు తినేసుంటాది.
ఈలా? తుప్పా? నువ్వే సెప్పు."

నేను చెప్పాలా.
పైన మెరిసి లోపల గుల్లయిన గోడలు
పందొమ్మిదేళ్ళుగా గోకుతున్నవాణ్ణి.

ఈరోజు మద్దిలపాలెం సిగ్నల్ దాటుతుంటే
కానిస్టేబుల్ గిర్రున తిరిగి చూశాడు,
తన మీదే ఈలేశారని.
శివుడు వెండిరంగు మెట్టు మీంచి
దణ్ణం పెట్టాడు.